సిపాయిలకు బొమ్మలతో చెప్పిన దోమ పాఠం



"జ్వరం తగ్గిపోయింది గదా, ఇంకా ఈ మాత్రలెందుకు?" మలేరియా వచ్చి కోలుకుంటున్న మనిషి నోట ఈ మాట మీరు వినే ఉంటారు. "దోమతెరలో ఉక్కపోస్తోంది, తీసేయండి" అన్న మాట కూడా వినే ఉంటారు. డాక్టరుగారు రాసిన చీటీ మీ దగ్గరే ఉంది. మందుల సంచీ మీ దగ్గరే ఉంది. కాని మాత్ర మింగవలసినది మీరు కాదు, మంచం మీద ఉన్న మీ మనిషి. మింగించడం ఎలా? అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు మీ ఒక్కరిదే కాదు. రెండవ ప్రపంచ యుద్ధంలో (1939–1945) లక్షలమంది సిపాయిలను నడిపించిన సేనాధిపతులకు కూడా సరిగ్గా ఇదే ఎదురైంది. ఆజ్ఞ ఇస్తే ప్రాణాలకు తెగించి ముందుకు దూకే సిపాయి, రోజుకొక చేదు మాత్ర మింగమంటే తప్పించుకు తిరిగేవాడు. ఉపన్యాసాలు ఇచ్చారు. నియమాలు అచ్చువేసి పంచారు. చాలలేదు. చివరకు బొమ్మలు గీసి, కార్టూన్ సినిమాలు తీసి, నవ్విస్తూ చెప్పవలసి వచ్చింది. ఆ కథలో మన ఇంటికి పనికివచ్చే సంగతులు చాలా ఉన్నాయి. ఈ పాఠంలో వాటిని తెలుసుకుందాం.

తూటా కన్నా దోమే ఎక్కువమందిని పడగొట్టింది

మలేరియాను దోమ మోసుకొస్తుందన్న సంగతి యుద్ధం నాటికి కొత్తది కాదు. ఆ రహస్యం బయటపడింది మన సికింద్రాబాద్‌లోనే. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు బేగంపేటలో ఒక దోమను కోసి, దాని కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. అంటే యుద్ధం వచ్చేసరికి శత్రువెవరో తెలిసి నలభై ఏళ్లు దాటింది.

అయినా ఏం జరిగిందో చూడండి. బర్మా సరిహద్దులో పోరాడిన పద్నాలుగవ సైన్యానికి జనరల్ స్లిమ్ అధిపతి. ఆ సైన్యంలో ఎక్కువమంది భారతీయులే. 1943లో పరిస్థితి ఎలా ఉండేదో ఆయన తరువాత తన పుస్తకంలో రాశాడు. గాయపడి వెనక్కు వచ్చిన సిపాయి ఒక్కడైతే, జబ్బుపడి వచ్చినవారు 120 మంది. ఒక్క మలేరియాయే ఏడాదికి నూటికి 84 మంది లెక్కన సైన్యాన్ని పట్టుకుంది.

పసిఫిక్ దీవులలోనూ ఇదే గతి. యుద్ధం ముగిసేలోగా అమెరికా సైన్యంలో దాదాపు 5 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయి. అక్కడి సేనాధిపతి మెకార్థర్, మలేరియా నిపుణుడు డాక్టర్ పాల్ రస్సెల్‌తో తన కష్టం చెప్పుకున్నాడు. ఒక దళం శత్రువుతో పోరాడుతుంటే, ఇంకొక దళం మలేరియాతో ఆసుపత్రిలో ఉంటోంది, మూడవ దళం నీరసం తీరక కూర్చుంటోంది, ఇట్లయితే ఈ యుద్ధం తొందరగా ముగిసేది కాదు అన్నది ఆయన బాధ. ఈ రస్సెల్ అంతకు ముందు కొన్నేళ్లు మద్రాసు ప్రెసిడెన్సీలో మలేరియా మీద పనిచేసినవాడే.

మందు ఉంది, మింగేవారు లేరు

అప్పట్లో మలేరియాకు ప్రధానమైన మందు క్వినైన్. అది సింకోనా చెట్టు బెరడు నుండి వస్తుంది. ప్రపంచానికి కావలసిన క్వినైన్‌లో దాదాపు 90 శాతం జావా దీవి తోటల నుండే వచ్చేది. 1942 మార్చిలో జపాన్ సేనలు జావాను పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. దాని స్థానంలో అటాబ్రిన్ అనే మాత్ర వచ్చింది. బ్రిటిష్, భారతీయ సిపాయిలు దానినే మెపాక్రిన్ అనేవారు.

ఆ మాత్ర చేదు. కొందరికి కడుపులో తిప్పేది, తలనొప్పి వచ్చేది. రోజూ వేసుకుంటే ఒళ్లంతా పసుపురంగుకు తిరిగేది. ఇది చాలు, పుకార్లు పుట్టడానికి. ఈ మాత్ర మింగితే మగతనం పోతుందని, పిల్లలు పుట్టరని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకున్నారు. అందులో నిజం లేదు. అయినా పుకారు మాత్ర కన్నా వేగంగా పనిచేసింది. సిపాయిలు మాత్రను నాలుక కింద దాచి, అధికారి అటు తిరగగానే ఉమ్మేసేవారు.

మాత్ర నిజంగా పనిచేస్తుందా అన్న అనుమానం పెద్ద అధికారులకే వచ్చింది. దాన్ని తీర్చినవాడు ఆస్ట్రేలియా వైద్యుడు నీల్ హామిల్టన్ ఫెయిర్లీ. 1943 నుండి ఆయన కెయిర్న్స్ పట్టణంలో పరీక్షలు జరిపాడు. ముందుకు వచ్చిన సిపాయిలను మలేరియా దోమల చేత కుట్టించారు. వారిచేత బరువులు మోయించారు, కొండలు ఎక్కించారు. రోజూ ఒక్క మాత్ర తప్పకుండా వేసుకున్నవారికి జ్వరం రాలేదు. 1944లో ఆయన ఈ ఫలితాలను సేనాధిపతుల ముందు పెట్టాడు. తేలినది ఒకటే: మాత్ర విఫలం కాలేదు, మాత్రను మానేసిన మనిషే విఫలమయ్యాడు.

ఇక మిగిలిన పని ఆ మనిషికి నచ్చజెప్పడమే. ఇక్కడే బొమ్మలు రంగంలోకి వచ్చాయి.

స్నాఫూ అనే అజాగ్రత్త సిపాయి

అమెరికా సైన్యం సినిమా విభాగంలో పనిచేసిన ఫ్రాంక్ కాప్రా ఆధ్వర్యంలో 1943లో "ప్రైవేట్ స్నాఫూ" అనే కార్టూన్ సిపాయి పుట్టాడు. వార్నర్ బ్రదర్స్ సంస్థ ఈ చిన్న చిన్న చిత్రాలను తీసింది. బగ్స్ బన్నీ కుందేలుకు గొంతు ఇచ్చిన మెల్ బ్లాంకే స్నాఫూకూ గొంతు ఇచ్చాడు. వీటికి మాటలు రాసినవారిలో థియొడోర్ గైసెల్ ఒకడు. డాక్టర్ స్యూస్ అనే పేరుతో పిల్లల పుస్తకాలు రాసి తరువాత లోకమంతటా పేరు పొందినది ఆయనే. ఒక్కొక్క చిత్రం నాలుగైదు నిమిషాలకు మించదు. 1945 వరకు రెండు డజన్లకు పైగా చిత్రాలు వచ్చాయి. వీటిని సిపాయిలకే చూపించేవారు, బయటివారికి కాదు.

స్నాఫూ వీరుడు కాడు. చెప్పినది వినడు. "నాకేమవుతుందిలే" అనుకుంటాడు. ఆ తరువాత దెబ్బ తింటాడు. 1944లో వచ్చిన ఒక చిత్రంలో స్నానం దగ్గరా, పడక దగ్గరా జాగ్రత్త పడని స్నాఫూను "మలేరియా మైక్" అనే దోమ వెంటాడుతుంది. 1945లో వచ్చిన మరొక చిత్రంలో "అనాఫిలిస్ ఆనీ" అనే ముసలి ఆడదోమ తన గోడు వెళ్లబోసుకుంటుంది. సిపాయిలు తెలివి మీరారు, తన రోజులు పోయాయి అని దాని బాధ. దోమ ఏడుస్తుంటే సిపాయి నవ్వాడు. నవ్వుతూనే, దోమను ఏడిపించే పనులేమిటో నేర్చుకున్నాడు. దోమతెర కట్టుకోవడం, సాయంత్రం కాగానే పొడుగు చేతుల చొక్కా వేసుకోవడం, ఒంటికి దోమల మందు రాసుకోవడం, మాత్ర మింగడం.

ఇదే గైసెల్ బొమ్మలు గీయగా మన్రో లీఫ్ మాటలు రాసిన ఒక చిన్న పుస్తకాన్ని 1943లో సైన్యం పంచింది. అందులో దోమ పేరు "ఆన్". ఆమె రాత్రిపూట తిరుగుతుంది, ఆమెకు కావలసిన పానీయం మనిషి రక్తం. సిపాయి ఆ బొమ్మను చూసి నవ్వుకుని పక్కవాడికి చూపించేవాడు. అంటే తనకు తెలియకుండానే ఒకరికి పాఠం చెప్పేవాడు.

ఒక చిన్న సంగతి గమనించండి. "మైక్" అనేది మగవారి పేరు. నిజానికి మగదోమ కుట్టదు, చెట్ల రసాలతోనే బ్రతుకుతుంది. మలేరియాను మోసేది ఆడ అనాఫిలిస్ దోమ ఒక్కటే. కనుక "ఆన్", "ఆనీ" అన్న పేర్లే సరైనవి.

ఏడుగురు మరుగుజ్జులు చేసిన ఇంటిపని

1943లోనే వాల్ట్ డిస్నీ సంస్థ అమెరికా ప్రభుత్వం కోసం మలేరియా దోమపై ఒక రంగుల చిత్రం తీసింది. దీన్ని సిపాయిల కోసం కాదు, లాటిన్ అమెరికా దేశాల గ్రామస్థుల కోసం తీశారు. అందులో దోమను పోలీసులు వెదుకుతున్న నేరస్థురాలిగా చూపించారు. ఆ దోమ ఒక రోగిని కుట్టి, ఆ తరువాత ఆరోగ్యంగా ఉన్న ఒక రైతును కుడుతుంది. రైతు మంచం పడతాడు. పొలం బీడవుతుంది, ఇల్లు పాడవుతుంది. జ్వరం ఒక మనిషికే వచ్చినా, పడిపోయేది ఇల్లంతా అని మాటలు లేకుండానే అర్థమవుతుంది. కూలి పని మానుకుని రోగి పక్కన కూర్చున్న మీకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అప్పుడు స్నోవైట్ కథలోని ఏడుగురు మరుగుజ్జులు వస్తారు. పాటకు తగినట్టు పని చేస్తూ, ఒకరు కలుపు కోస్తారు, ఒకరు నీటి గుంట పూడుస్తారు, ఒకరు నీటి తొట్టికి మూత వేస్తారు, ఒకరు కిటికీకి జాలీ బిగిస్తారు. మరుగుజ్జులలో ఒక్కడూ డాక్టరు కాడు. ఎవరికి చేతనైన పని వారు చేశారు. (అందులో నీటిపై చల్లిన విషపు పొడి వంటివి మన ఇళ్లకు పనికిరావు. వాటిని అనుకరించవద్దు.)

ఆ బొమ్మల్లో మనకు వద్దనిపించేవి

ఆ రోజుల బొమ్మలన్నీ మంచివని చెప్పలేము. కొన్ని బ్యారక్స్ హాస్యం, ఇంట్లో పిల్లల ముందు చూడదగినవి కావు. కొన్ని పోస్టర్లలో దోమకు శత్రుదేశపు మనుష్యుల ముఖాన్ని తగిలించి గీశారు. అది నవ్వు కాదు, ద్వేషం. మనం పోరాడవలసినది వ్యాధితో, మనిషితో కాదు. ఈ తేడా మన ఇంట్లోనూ గుర్తుండాలి. "నీవల్లే ఇంత ఖర్చయింది, నీవల్లే పని పోయింది" అని రోగిని అనేటప్పుడు, మనం కూడా దోమకు బదులు మనిషినే దోషిగా గీస్తున్నాము.

బొమ్మ నేర్పింది, పక్కనున్నవారు నిలబెట్టారు

బొమ్మలు చూపిస్తే పని అయిపోయిందా? లేదు. ఇది ఈ పాఠంలో ముఖ్యమైన మాట. జనరల్ స్లిమ్ తన సైన్యంలో హఠాత్తుగా తనిఖీలు పెట్టించాడు. ఏదో ఒక దళాన్ని ఎంచుకుని ప్రతి సిపాయినీ పరీక్షించేవారు. నూటికి 95 మంది కన్నా తక్కువమంది మాత్ర మింగినట్టు తేలితే, సిపాయిని కాదు, ఆ దళం అధికారినే పదవి నుండి తీసేశాడు. ముగ్గురిని తీసేసేసరికి మిగిలినవారందరికీ అర్థమైందని ఆయన రాశాడు. వ్యాధిపై పోరాటంలో సగానికి పైగా గెలిచేది వైద్యులు కాదు, సిపాయి పక్కన రోజూ ఉండే అధికారులే అని ఆయన అభిప్రాయం.

ఆలోచించండి. డాక్టరుగారు రోజుకు ఒకటి రెండు సార్లు వస్తారు. నర్సమ్మ వార్డంతా చూసుకోవాలి. ఇంటికి వెళ్లిన తరువాత రోగి పక్కన రోజూ ఉండేది ఎవరు? మీరే. ఆ అధికారి స్థానం ఇప్పుడు మీది. అయితే మీ చేతిలో ఉండవలసినది దండన కాదు, ప్రేమ.

14 రోజుల మాత్ర కథ

మలేరియాలో ఒక రకం ఉంది, దాని పేరు వైవాక్స్. జ్వరం తగ్గినా దీని క్రిములు కొన్ని కాలేయంలో నిద్రపోతూ ఉండిపోతాయి. వారాలకో నెలలకో లేచి మళ్లీ జ్వరం తెస్తాయి. యుద్ధకాలపు అటాబ్రిన్ ఆ నిద్రపోయే క్రిములను చంపలేకపోయింది. అందుకే మాత్ర ఆపగానే ఎందరో సిపాయిలకు జ్వరం తిరగబెట్టింది.

ఆ పని చేసే మందు ప్రైమాక్విన్. 1951లో కొరియా యుద్ధం నుండి ఓడలలో ఇళ్లకు తిరిగి వెళ్తున్న అమెరికా సిపాయిలకు దీన్ని రోజూ చొప్పున 14 రోజులు ఇచ్చారు. ఈనాడు మన దేశంలో వైవాక్స్ మలేరియాకు మూడు రోజుల క్లోరోక్విన్‌తో పాటు సాధారణంగా ఇచ్చేది ఈ 14 రోజుల ప్రైమాక్వినే. మూడవ రోజుకే జ్వరం తగ్గిపోవచ్చు. మిగిలిన పదకొండు రోజుల మాత్రలు జ్వరానికి కాదు, కాలేయంలో నిద్రపోతున్న క్రిమికి. "జ్వరం తగ్గింది గదా" అన్న ప్రశ్నకు జవాబు ఇదే.

ఫాల్సిపారం అనే మరొక రకం ప్రాణాంతకం కాగలదు. దానికి మందులు వేరు, రోజులు వేరు. కనుక పక్కింటివారి మందు చీటీ చూసి మందు వాడవద్దు.

ఇంట్లో మీరు చేయవలసినవి

1. డిశ్చార్జి రోజున డాక్టరుగారినో నర్సమ్మనో అడగండి: ఏ రకం మలేరియా? ఏ మాత్ర ఎన్ని రోజులు? చివరి మాత్ర ఏ తేదీన?

2. ఒక కాగితం మీద 14 గడులు గీసి గోడకు అంటించండి. మాత్ర మింగిన ప్రతి రోజూ ఒక గడిలో ఇంట్లోని చిన్నపిల్లల చేత ఒక దోమను గీయించి కొట్టేయించండి. తాతగారు మాత్ర మింగారో లేదో అప్పుడు మనవరాలే అడుగుతుంది.

3. ఖాళీ కడుపుతో మాత్రలు ఇవ్వవద్దు. మింగిన అరగంటలోపు వాంతి అయితే, ఆ సంగతి వైద్యునికి లేదా ఆశా కార్యకర్తకు తెలియజేయండి.

4. గర్భిణులకు, పసిబిడ్డలకు ప్రైమాక్విన్ ఇవ్వరాదు. కొందరి రక్తంలో పుట్టుకతోనే జి6పిడి అనే పదార్థం తక్కువగా ఉంటుంది. వారికి ఈ మందు పడదు. ఈ లోపాన్ని 1956లో కనుగొన్నదే ఈ మందు వల్ల కొందరిలో రక్తకణాలు పగిలిపోవడం చూసి. మాత్రలు వాడుతుండగా మూత్రం ముదురు ఎరుపుగా, నల్లగా వచ్చినా, కళ్లు పచ్చబడినా, ఆయాసం వచ్చినా వెంటనే మాత్ర ఆపి ఆసుపత్రికి రండి.

5. మూర్ఛ, మగత, ఆగని వాంతులు, కూర్చోలేనంత నీరసం కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు.

6. చలి, వణుకుతో జ్వరం తిరగబెడితే మిగిలిన పాత మాత్రలు వెదకవద్దు. రక్తపరీక్ష చేయించండి.

7. రోగిని దోమతెరలోనే పడుకోబెట్టండి. ఇది ఆయన కోసం మాత్రమే కాదు. ఆయనను కుట్టిన దోమ కొన్నాళ్లకు మీ పిల్లలను కుట్టగలదు. డిస్నీ చిత్రంలో జరిగింది అదే గదా.

8. గుడ్డు నుండి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కనుక వారానికొక రోజు తొట్లు, డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి, రుద్ది, ఆరబెట్టండి. సంపుకు, ఓవర్‌హెడ్ ట్యాంకుకు మూత సరిగా ఉందో లేదో చూడండి. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు తీసివేయండి. డెంగీ దోమ కూడా వీటిలోనే పెరుగుతుంది. అది పగటిపూట కుడుతుంది గనుక రాత్రి దోమతెర ఒక్కటే దానికి చాలదు.

గద్దించడం కన్నా నవ్వించడం మేలు

మన్యం గ్రామాలలో ప్రభుత్వం మందు పూసిన దోమతెరలు పంచుతుంది. తెర ఇంటికి రావడం ఒక ఎత్తు, ప్రతి రాత్రి దాన్ని దించి పరుపు కిందకు దోపడం మరొక ఎత్తు. ఆ రెండవ పని ఏ ప్రభుత్వమూ, ఏ ఆసుపత్రీ చేయలేదు. ఇంట్లో ఒకరు చేయాలి.

దాన్ని ఎలా చేయించాలో స్నాఫూ కథ చెబుతుంది. ఆ బొమ్మలు గీసినవారు సిపాయిని "నీవు తెలివితక్కువవాడివి" అనలేదు. తెలివితక్కువ పని చేసిన వేరొకడిని తెరమీద చూపించి, "నేను వీడిలా ఉండను" అని సిపాయి తనంతట తానే అనుకునేలా చేశారు. మీరూ అలాగే చేయవచ్చు. మాత్ర వద్దని మొండికేసే పెద్దాయనకు ఈ పాఠం చదివి వినిపించండి. స్నాఫూ చేసిన తప్పులు చెప్పి నవ్వించండి. ఆ నవ్వులోనే మాత్ర, మంచినీళ్ల గ్లాసు చేతికి ఇవ్వండి. ఆయన మింగేదాకా పక్కనే కూర్చోండి.

మీ ఇంట్లో మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో "నాకేమవుతుందిలే" అనే స్నాఫూ ఎవరు?

2. మన ఇంటి చుట్టూ వారానికి మించి నీరు నిలిచే చోట్లు ఎన్ని? వాటిని ఎవరెవరు చూసుకుంటారు?

3. మాత్రల ఆఖరి తేదీ ఏది? అప్పటిదాకా రోజూ గుర్తుచేసే బాధ్యత ఎవరిది?

మీ మనిషి త్వరగా కోలుకుని ఇంటికి రావాలని కోరుకుంటున్నాము. ఇంటికి వచ్చాక కూడా, ఆఖరి మాత్ర మింగేదాకా ఆయన చెయ్యి వదలకండి.